మంచం కాళ్లకు సుద్దగీతలు

మా ఇలవేల్పు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఆస్పత్రిలో గుమాస్తాగా పనిచేసినవాడికి బతికున్నవాళ్లంటేనే భయం.

తొంభైల చివర్లో పుంగనూరు దగ్గర ఒక చిన్న ఆస్పత్రిలో రిజిస్టర్లు రాసేవాణ్ణి. ఆపరేషన్ కుట్లు చీము పట్టినవాళ్ల లెక్కకు ఒక గడి ఉండేది. ఒకటో తేదీనే నెల మొత్తానికీ అందులో సున్నాలు చుట్టేయాలి. అది మా ఆనవాయితీ. ఒకసారి నర్సు శాంతమ్మ ఇదేం లెక్కని అడిగింది.

"చీము పరీక్ష చేసే ల్యాబు మదనపల్లెలో ఉండాది. ఈడ పరీక్షే లేనప్పుడు ఇన్ఫెక్షన్ యాడనుంచి వస్తాదమ్మా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"కండ్లుండాయి, ముక్కుండాది. ఇంగ ల్యాబు యాల సార్?" అంది శాంతమ్మ.

అప్పటినుంచి ఎవరి కుట్లు చీము పడితే వాళ్ల మంచం కాలికి సుద్దతో గీత గీసేది. రెండు నెలల్లో ఆమెను కుప్పం పంపేశారు. గీతలన్నీ తుడిపించారు.

ఆ వారమే మా అక్కకు అక్కడ గర్భసంచి ఆపరేషన్ అయింది. మూడో రోజుకు జ్వరం, కుట్ల దగ్గర వాపు. వేడి చేసిందన్నాడు డాక్టరు. ముందే చుట్టిన సున్నా పక్కన ఆమె పేరు రాసింది నేనే.

మధ్యాహ్నం అక్క మంచం కాలికి గీత కనిపించింది. తుడిచారు. మర్నాడు మళ్లీ వచ్చింది, అదే వరసలో ఇంకో నాలుగు మంచాలకు కూడా. ఎదురు వరసకు ఒక్కటీ లేదు.

"శాంతమ్మ ఆడ సచ్చిపోయిందేమోప్పా" అని ఆయా వణికింది. నేను కుప్పం ఆస్పత్రికి ఫోన్ చేస్తే శాంతమ్మే ఎత్తింది. ఒకే వరసకు గీతలు పడ్డాయని చెప్పాను.

"బతికే ఉండాను. ముందు ఆ వరసకు కట్లు మార్చే పట్టకారు దేంట్లో ముంచతాండారో సూడుపో."

మందునీళ్ల జాడీలో. తగ్గినప్పుడల్లా పైన పోయడమే గాని, ఏనాడూ పారబోసి కడిగింది లేదు. అడుగంతా జిగట.

మర్నాడు జాడీ మీద కూడా గీత పడింది. ఏనాడూ రిజిస్టరు తెరవని డాక్టరు నిమ్మకాయలు పట్టుకొని పరుగున వచ్చాడు. జాడీ పారబోయించాడు, పట్టకారు ఉడకబెట్టించాడు, రోగులకు మందు మార్చాడు.

అక్క బతికింది. పక్క మంచం బైరెడ్డిపల్లె ఆమె బతకలేదు. రిజిస్టరులో ఆమెకూ సున్నానే.

ఒట్టు పెట్టాను గనుక ఒప్పుకుంటాను. గీతలు వాటంతటవే పడ్డాయన్నది మాత్రం కల్పన. సుద్దముక్క నా జేబులోది, వాసన పట్టిన ముక్కూ నాదే.

నర్సు పెట్టిన లెక్కను తుడిపించిన మనిషి, దయ్యం పెట్టిన లెక్కను ఎట్లా నమ్మాడో మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.