కాలువ చివరి నుంచి అడిగిన ప్రశ్న

మా ఆఫీసులో దేనికైనా ఆలస్యం చెల్లుతుంది, ఒక్క ఎల్.ఏ.క్యూ.కు తప్ప. శాసనసభలో ఎమ్మెల్యే మంత్రిని అడిగే ప్రశ్నను మేం అలా అంటాం. అది వచ్చిందంటే మా పై ఇంజినీరు డీఈ సారు టీ సగంలో వదిలేసి లేస్తారు. సెలవులో ఉన్నవాళ్లకు ఫోన్లు పోతాయి. ఎర్రక్షరాలతో "అతి జరూరు" అని రాసి ఉన్న ఆ కాగితం వాట్సాప్‌లో ముందు, మెయిల్లో తర్వాత, తపాలాలో ఎప్పుడో వస్తుంది.

నేను నీటిపారుదల శాఖలో ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీరును. బోధన్ వైపు ఒక చిన్న సబ్ డివిజన్ మాది. ప్రశ్న హైదరాబాద్‌లో పుట్టి, సచివాలయం దాటి, నిజామాబాద్ మీదుగా ఒక్కో మెట్టూ దిగి మా దగ్గరికి వస్తుంది. జవాబు అవే మెట్లెక్కి పోతుంది. పైన మంత్రి పేరు ఉంటుంది, కింద రాసేది నాలాంటివాళ్లు. ఉద్యోగంలో చేరేదాకా ఈ సంగతి నాకు తెలియదు. మంత్రులే కూర్చుని రాసుకుంటారేమో అనుకునేదాన్ని.

ఆ యాసంగిలో, అంటే రబీ పంట కాలంలో, వచ్చిన ప్రశ్న నక్షత్రం గుర్తు లేనిది. అంటే సభలో లేచి అడిగేది కాదు, రాతలో అడిగితే రాతలోనే జవాబిచ్చేది. మూడు ముక్కలుగా ఉంది. (అ) ఫలానా కాలువ చివరి భూములకు నీళ్లు చేరడం లేదన్న మాట వాస్తవమేనా? (ఆ) అయితే, కారణాలేమిటి? కాలువ మీద అక్రమంగా మోటార్లు నడుస్తున్నాయా? (ఇ) ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?

చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. ఫలానా కాలువ చివరి భూములంటే మా పుట్టింటి పొలం. అంతకు నెల ముందే బాపు ఫోన్లో చెప్పాడు, నలుగురు రైతులతో కలిసి ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు పోయి ప్రశ్న రాయించి వచ్చానని. "మంత్రినే అడిగిన బిడ్డా, ఇగ సూస్త ఏం చెప్తడో," అన్నాడు ధీమాగా. బాపు మంత్రిని అడిగాడు. మంత్రి తిరిగి తిరిగి నన్ను అడిగాడు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఆ కాలువ మొదట్లో ఉన్నది మా అత్తగారి ఊరు. అదే నీళ్ల మీద ఒక చివర పుట్టి ఇంకో చివర కాపురానికి వచ్చినదాన్ని నేను. మా ఆయనకు నిజామాబాద్‌లో మందుల దుకాణం, పొలం సంగతి ఆయనకు పట్టదు. వ్యవసాయమంతా అత్తమ్మదే. చెరకు వేస్తుంది. చుట్టుపక్కల చెరకు మానేసి అందరూ వరికి మళ్లినా ఆవిడ మళ్లలేదు. ఆ చెరకు కోసం కాలువలో పైపు వేసి మోటారు పెట్టింది. అది అక్రమమని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. తెలిసీ నేను ఆ గట్టు మీద నుంచి రోజూ స్కూటీ మీద ఆఫీసుకు పోయేదాన్ని.

డీఈ సారు ప్రశ్న చూసి కుదుటపడ్డారు. "గిది పాతదే గదమ్మా. మూడేండ్ల కింద వచ్చింది. ఆ జవాబు తీసి తారీఖు మార్చి పంపు, అయిపాయె."

పాత ఫైలు తీశాను. అప్పుడు అడిగింది నీళ్లు విడుదల చేయడం లేదన్నది వాస్తవమేనా అని. జవాబు, (అ) కాదండి. తక్కినవాటికి ఒకటే మాట, ప్రశ్న ఉత్పన్నం కాదు. అబద్ధమేం లేదు. తూము దగ్గర నీళ్లు విడుదల చేశాం కదా. అవి పొలం దాకా పోయాయా అని అప్పుడు ఎవరూ అడగలేదు. మొదటి ముక్కకు కాదంటే చాలు, మిగతా ముక్కలన్నీ వాటంతట అవే రాలిపోతాయి. మా శాఖలో కొత్తగా చేరినవాళ్లకు ముందు నేర్పే విద్య ఇదే.

"సార్, ఈసారి చేరుతున్నాయా అని అడిగిండ్రు," అన్నాను.

"అవునంటే ఏమైతదో తెలుసా? కారణాలు రాయాలె, చర్యలు రాయాలె. రాసినంక చెయ్యాలె. కాదంటే కథ కంచికి." ఆయన చెడ్డవాడు కాదు. రిటైర్మెంటు దగ్గరపడినవాడు, అంతే. అయినా నాకు ఒళ్లు మండింది.

"నేను పోయి చూసి రాస్త సార్."

ఆయన నన్ను పరీక్షగా చూశారు. "మీ అత్తగారి ఊరు గా కాలువ మీదనే గదా?" అన్నారు మెల్లగా. నేను పాత ఫైలు మూసేశాను. "సరే, రేపు మధ్యాహ్నం వరకు నిజామాబాద్‌కు పోవాలె," అని ఫ్యాను కిందికి కుర్చీ జరుపుకున్నారు.

కాలువ గట్ల మీద తిరిగి నీళ్లు చూసుకునేవాణ్ని మేం లష్కర్ అంటాం. మా లష్కర్ చాచా బోధన్‌వాడు, నా కంటే చాలా పెద్దవాడు. ఆయన బండి వెనక కూర్చుని బయల్దేరాను. నీళ్లు మొదట్లో నిండుగా ఉన్నాయి. పైపులు మాత్రం ఒకదాని పక్కన ఒకటి కాలువలోకి మూతులు పెట్టి ఉన్నాయి. ఫొటో తీసుకోవడం, రాసుకోవడం, మళ్లీ బండెక్కడం. అత్తమ్మ మోటారు దగ్గరికి వచ్చేసరికి చాచా బండి నెమ్మది చేశాడు కానీ ఆపలేదు.

"ఆపు చాచా."

"గిది గుడ రాయాల్నా మేడం?"

"రాయాలె."

అత్తమ్మ గట్టు మీదే ఉంది. మొదట నేను తన కోసమే వచ్చాననుకుంది. "ఎండల వడి వచ్చినవ్, అన్నం తిన్నవా?" అంది. ఫోను పైకెత్తి మోటారును ఫొటో తీశాక ఆవిడ మొహం మారింది. జరిగింది చెప్పాను. దాచడానికేం లేదు.

"నాది గుడ రాస్తున్నవా?"

"అందరియ్ రాస్తున్న అత్తమ్మా. నీదొక్కటి ఇడిసిపెడితే మిగతాయి ఎట్ల రాయాలె?"

"మీ బాపు మడి పారాలె, నా చెరుకు ఎండాలె. గంతేగా?"

ఆ మాట గట్టిగా తగిలింది. మన పొలం మొదట్లో ఉంది, వంతు నీళ్లు వాడుకున్నా చెరకు ఎండదు అని చెప్పబోయాను. ఆవిడ అప్పటికే వెనక్కి తిరిగి చెరకులోకి వెళ్లిపోయింది. చాచా బండి స్టార్ట్ చేసి, దగ్గి, పోనిచ్చాడు.

కిందికి పోయేకొద్దీ కాలువ సన్నబడింది. సగం దారిలో మా శాఖ షట్టర్ ఒకటి తుప్పుపట్టి వంగిపోయి ఉంది, దాని పక్క నుంచి నీళ్లు వాగులోకి పోతున్నాయి. అది కూడా రాసుకున్నాను. చివరికి చేరేసరికి కాలువ అడుగున తడి మాత్రమే ఉంది. అందులో మేకలు నడుస్తున్నాయి.

బాపుతో పాటు అయిదారుగురు రైతులు అక్కడ నిలబడి ఉన్నారు. బాపు నన్ను చూసి ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. "రాండ్రి మేడం," అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నలుగురిలో తన కూతురి ఉద్యోగానికి మచ్చ రాకూడదని అలా అన్నాడని తెలుసు. నేనూ "చెప్పండ్రి" అన్నాను. బాపు నన్ను మడుల గట్ల మీద తిప్పి చూపించాడు. వరి పొట్టకొచ్చింది. ఈ వారంలో ఒక్క తడి పడకపోతే పొట్టలోనే తాలుపోతుంది. పోయిన యాసంగి కూడా ఇంతే అయింది. ఈసారి కూడా చేతికి రాకపోతే పొలం కౌలుకిచ్చి బోధన్‌లో ఏదో దుకాణంలో కూర్చుంటానని అమ్మతో అన్నాడట. మట్టి తప్ప ఏమీ తెలియని మనిషి దుకాణంలో కూర్చుని ఏం చేస్తాడు?

"మీద మోటర్లు ఎవరెవరివో మీకు తెలుసా?" అని అందరి ముందూ అడిగాను, అడగాలి గనక.

"ఉన్నయని ఎర్క. ఎవరియని నన్ను అడగకుండ్రి మేడం," అన్నాడు బాపు, నేల చూస్తూ. తగాదాలకు భయపడుతున్నాడనుకున్నాను. తిరిగి పోతుంటే బండి దాకా వచ్చాడు కానీ ఏం రాస్తావని అడగలేదు.

ఆ సాయంత్రం ఆఫీసులోనే కూర్చుని రాశాను. (అ) అవునండి. (ఆ) కింద మోటార్ల సంగతీ, మా షట్టర్ సంగతీ రెండూ రాశాను. డీఈ సారు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు. షట్టర్ ముక్క తీసేయమంటారేమో అనుకున్నా. తీయలేదు. "మీ అత్తమ్మతోని నువ్వే మాట్లాడుకో, నన్ను నడుమ ఇరికియ్యకు," అని సంతకం చేశారు.

మర్నాడు నిజామాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టకపోయినా అవతలి గొంతు గది అంతా వినిపించింది. అవునని ఎవరు రాయమన్నారు, పాత జవాబు లేదా అంటోంది. "ఉన్నది సార్. గాని ఈమె పోయి చూసొచ్చింది. చూసినంక కాదని నేనెట్ల సంతకం చెయ్యాలె?" అన్నారు డీఈ సారు. ఆ క్షణం ఆయన మీద నాకున్న కోపమంతా ఎగిరిపోయింది.

పైన ఎక్కడెక్కడ ఎన్ని మాటలు అరగదీశారో తెలియదు. సభలో పెట్టిన జవాబులో మొదటి మాట మాత్రం అలాగే నిలిచింది. మోటార్లు తొలగిస్తాం, షట్టర్ మారుస్తాం అని మంత్రి పేరు మీద అచ్చయింది. అచ్చయ్యాక తప్పదు. ఆదేశం మా దాకా దిగి రావడమే తరువాయి, కరెంటు వాళ్లతో కలిసి నేనే గట్టు మీద నిలబడి మోటార్లు తీయించాను. అత్తమ్మది తీస్తున్నప్పుడు ఆవిడ ఇంట్లోంచి బయటికి రాలేదు.

నీళ్లు చివరిదాకా చేరాయి, కానీ కొంచెం ఆలస్యంగా. బాపు పొలంలో ఎక్కువ భాగం దక్కింది, అంచున ఉన్న రెండు మళ్లు తాలుపోయాయి.

అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వండేది, నా కంచం అక్కడ పెట్టేది, వెళ్లిపోయేది. మా ఆయన ఇద్దరి మధ్యా తల పట్టుకున్నాడు. తప్పు చేశానని నేను ఒక్కరోజూ అనుకోలేదు. కానీ ఆవిడ పెట్టిన కంచంలో సగం తిని లేచేదాన్ని.

కోతలయ్యాక ఒక ఆదివారం బాపు వచ్చాడు. క్యాంపు ఆఫీసు వాళ్లు ఇచ్చిన జవాబు కాపీ జేబులో ఉంది. తీసి చూపించాడు. "నువ్వు రాసినవని నాకు ఎర్కనే బిడ్డా. గాని నువ్వు రాస్తే అది నీ మాట. మీద మంత్రి పేరున్నది, గిప్పుడది ఆయన మాట. ఇగ రేపు కాదనలేడు," అన్నాడు. ఆ కాగితం మీద అరచేయి పెట్టి సాపు చేశాడు.

అత్తమ్మ వంటింటి గడప మీద నిలబడి వింటోంది. అప్పటిదాకా మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"అన్నా, ఒక మాట అడుగుత," అంది. "గింత దూరం పోయి మంత్రిని అడిగినవ్. నా మోటరున్నదని నీకు ఎర్క లేదా?"

"ఎర్కనే చెల్లే. పెట్టిన కాడికెల్లి ఎర్కనే."

"మరి నన్నెందుకు అడగలే?"

బాపు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బిడ్డనిచ్చినోన్ని చెల్లే. నిన్నెట్ల అడుగుత?"

అన్నేళ్లు, పొలం ఎండిన ప్రతిసారీ, పండక్కి ఈ ఇంటికే వచ్చి ఈ మంచం మీదే కూర్చుని, చెరకు బాగుందని మెచ్చుకుని పోయాడు బాపు. నా కోసం. నాకు ఏడుపు ఆగలేదు.

"గా రెండు మళ్లు నా చెరుకే తాగిందా?" అంది అత్తమ్మ.

మర్యాదకైనా కాదంటాడేమో అనుకున్నాను. బాపు తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు.

"అవును చెల్లే," అన్నాడు.

అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది. "మీ బాపుకు అన్నం వెట్టు బిడ్డా," అంది.