ఆప్టా కాని చెట్టు

మొన్న దసరా పొద్దున హోట్గి రోడ్ పక్కన ఆకుల కట్టలు పెట్టుకుని కూర్చున్న ఒకామె దగ్గర ఆగి, ఒక కట్టలోంచి ఆకు లాగి, వెనక్కి తిప్పి చూసి, ఇది ఆప్టా కాదు, కాంచనం చెట్టు ఆకు అని అనకుండా ఉండలేకపోయాను. దసరానాడు ఆప్టా ఆకును సోనమని, అంటే బంగారమని చేతిలో పెట్టి పెద్దల కాళ్లకు మొక్కడం మా షోలాపూర్ ఆచారం కదా, మరి బంగారం పేరు చెప్పి ఇత్తడి అంటగడితే ఊరుకోవాలా? ఆమె నాకు తీసిపోయే మనిషి కాదు. "సోనం అంటే సోనమే, ఆకుకు జాత్ ఏందక్కా? తీస్కుంటే తీస్కో, లేకుంటే బాజూకు జరుగు, గిరాకీలు ఆగిన్రు" అంది. వెనకాల నిలబడ్డ నా కోడలు నా కొంగు పట్టుకుని గుంజింది. నేను జరగలేదు. పోట్లాడి, పోట్లాడి, చివరికి ఆ కాంచనం కట్టనే కొనుక్కుని ఇంటికొచ్చాను. దారి పొడుగునా మా మేనత్తే గుర్తుకొచ్చింది.

ఆకు కోసం పోట్లాడటం నేను కాలేజీలో చదివిన వృక్షశాస్త్రం నుంచి వచ్చిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కాదు, అది భవాని పేట్‌లోని మా పాత వాడలో, అంటే ఉమ్మడి ఇంట్లో, పెరట్లో చెట్టు కింద, పంతొమ్మిది వందల యాభైల్లో చిన్నపిల్లగా నాకు అబ్బిన గుణం. మా బాపుకు అన్న, అంటే మా పెద్దబాపుదే ఆ వాడ. ముందు వైపు మగ్గాలు, వెనక పెరట్లో రంగులు అద్దిన నూలు ఆరేసే తాళ్లు, ఆ తాళ్లకు ఒక కొస కట్టిన పెద్ద చెట్టు. ఆ చెట్టు నీడలో మా వాడ ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసిన మా మేనత్త చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చునేది. ఆ చోటు ఆమెది. ఇంట్లో ఏ గదిలోనూ ఆమెకు తనదంటూ ఒక మూల లేదు కానీ, ఆ చోట ఇంకొకరు కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆ చెట్టును అందరూ ఆప్టా అనేవాళ్లు. ఇది ఎలా జరిగిందో చెప్పాలి. మా పెద్దలు తెలంగాణలో ఉన్నప్పుడు దసరాకు జమ్మి ఆకు పంచుకునేవాళ్లు. షోలాపూర్ వచ్చాక ఇక్కడివాళ్లను చూసి ఆప్టా పట్టుకున్నారు. ఆప్టా ఎలా ఉంటుందని అడిగితే, ఆవు గిట్టలాగా నడుమ చీలి ఉంటుందని ఎవరో చెప్పి ఉంటారు. పెరట్లో అలాంటి ఆకుల చెట్టే ఉండె, ఇంకేం, అదే ఆప్టా అయి కూర్చుంది. ఏటా మగ్గాలకు పూజ చేసే రోజు మగవాళ్లు చెట్టెక్కి కొమ్మలన్నీ కొట్టి పారేసేవాళ్లు. దసరానాటికి పేటలో సగం ఇళ్లకు మా చెట్టు బంగారమే పోయేది, మా చెట్టు మాత్రం మోడై నిలబడేది.

మా మేనత్త ఒక్కతే ఒప్పుకునేది కాదు. ఆప్టా అంటే తెలంగాణలో మనం ఆరె అనే చెట్టేనని, తన అత్తగారి ఊళ్లో దాని నారతోనే తాళ్లు పేనుతారని, ఆరె ఆకు చిన్నగా, దళసరిగా, పొడుగుకన్నా వెడల్పు ఎక్కువగా, వెనక తెల్లని నూగుతో ఉంటుందని, దాని చీలిక పైపైనే ఆగిపోతుందని, మన చెట్టు ఆకేమో పెద్దగా, పలచగా, దాదాపు సగం దాకా చీలి ఉంటుందని ప్రతి దసరాకూ గొంతు చించుకునేది. మా పెద్దబాపు దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఇంట్ల నీళ్లు దాగిన చెట్టు గద చెల్లె, తిని బలిసింది. ఆకు పెద్దగ గాదా?" అనేవాడు. ఆరె అయితే ఎండాకాలంలో సన్నసన్నని తెల్లపూలు పూయాలి కదా, దీనికి ఒక్క పువ్వైనా చూపించమని ఆమె అడిగేది. కొట్టిన చెట్టు ఎట్లా పూస్తుందని ఆయన అనేవాడు. ఈ తగాదా మా ఇంట్లో పండుగ వంటలతో పాటు ఏటా ఒక వంట.

అట్లా ఉండగా పెద్దబాపుకు కరెంటు మగ్గాల మీద మనసు పడింది. వాటిని మేము సాంచాలు అంటాం. సాంచాలకు షెడ్డు కావాలి, షెడ్డుకు పెరడు కావాలి, పెరట్లో చెట్టు అడ్డం. బంగారం పంచే చెట్టును నరికితే ఇంటికి మంచిది కాదని పేటలోని పెద్దలు వచ్చి కూర్చున్నారు. అప్పుడు మా పెద్దబాపు, ఎంత తెలివైనవాడో చూడండి, నెమ్మదిగా తలపాగా సర్దుకుని, ఇది ఆప్టా కానే కాదని మా చెల్లెలే అంటుంది, కావాలంటే పిలిచి అడగండి అన్నాడు.

ఆ నిమిషం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. మేనత్త ఒళ్లోని చాట పక్కన పెట్టి లేచింది. ఆప్టానే అని ఒక్క మాట అంటే చెట్టు బతుకుతుంది, చెట్టు కింది ఆమె చోటూ బతుకుతుంది. మా అమ్మ వెనకనుంచి ఆమెను గిల్లి, అను వదినా, ఒక్కసారికి అను అని గొణిగింది. ఆడవాళ్లందరి చేతులూ ఆగిపోయాయి.

"కాదు" అంది మేనత్త. "ఆప్టా కాదు. నిన్న కాదు, నేడు కాదు."

పెద్దబాపు నవ్వబోయాడు. ఆమె నవ్వనివ్వలేదు. "ఏందన్నా, ఇన్నేండ్లు నేను కాదంటే నువ్వు ఆప్టా అంటివి. గిప్పుడు షెడ్డు కావాల్నంటే చెల్లె మాట తియ్యగైందా? సరే, ఆప్టా కాదు. మరి ఏం చెట్టో నువ్వు చెప్పు. పేరు గూడ దెల్వకుంట నరుకుతవా? ఈ ఒక్క దసరా గొడ్డలి ముట్టకు. అది పూసి దాని పేరు అదే చెప్పుకుంటది. అటెన్క నీ ఇష్టం."

పేట పెద్దలు పడీపడీ నవ్వారు. అంతమందిలో వెనక్కి తగ్గడం పెద్దబాపుకు చేతకాదు, అందుకే సరేనన్నాడు.

ఆ ఏడు మా చెట్టు మీద ఒక్క కొమ్మ విరగలేదు. మేనత్త ఆడవాళ్లను వెంటేసుకుని, నన్నూ తీసుకుని, హోట్గి రోడ్ దాటి రాళ్ల చేలల్లోకి నడిచి, గట్టు మీద వంకర తిరిగి వేలాడే కొమ్మలతో, పాత నల్లటి కాయలతో నిలబడ్డ అసలు ఆప్టాను చూపించింది. చెట్టుకు మొక్కి, ఇంటికి నాలుగు ఆకుల చొప్పున మాత్రమే తెంపనిచ్చింది. కొమ్మ విరిచిన ఒకామెను అక్కడే కడిగేసింది. నా ఒక అరచేతిలో ఆ ఆకు, ఇంకో అరచేతిలో మా పెరటి ఆకు పెట్టి, కళ్లు మూసుకుని తడిమి చూడమంది. నిజంగానే, ఒకసారి వేళ్లకు తెలిశాక ఆ తేడాను మరిచిపోవడం కుదరదు.

దసరా పోయిన కొద్దిరోజులకే మా చెట్టు పూసింది. చిగుళ్ల కొసన గీతలు గీతలుగా ఉన్న పొడుగాటి మొగ్గలు, ఏటా మేము ఆకులతో పాటు కొట్టి పారేసిన మొగ్గలు, ఒకటొకటే విచ్చుకుని, ఒకదానికొకటి తగలని సన్నని రేకులతో, గులాబీకీ ఊదాకూ నడుమ రంగుతో, మా అద్దకంవాళ్లు ఎన్ని కుండలు మార్చినా తేలేని రంగుతో చెట్టంతా నిండిపోయింది. దేవకాంచనం! ఎండాకాలం ముందు పూసే కాంచనానికి కేసరాలు అయిదు, వానలు వెళ్లాక పూసే దీనికి మూడు అని నేను తర్వాత కాలేజీలో చదివాను, చదివిన రోజు సెలవు పెట్టి వచ్చి మా చెట్టు పువ్వును లెక్కపెట్టి మురిసిపోయాను.

మేస్త్రీ సున్నమూ దారమూ పట్టుకుని వచ్చిన పొద్దున పెద్దబాపు చెట్టు కింద చాలాసేపు మెడ ఎత్తి నిలబడ్డాడు. గోడ ఇటు నుంచి తిప్పుకుని పోవచ్చా అని అడిగాడు. ఒక సాంచా తక్కువవుతుందని మేస్త్రీ అన్నాడు. కానీయమన్నాడు పెద్దబాపు. తర్వాత ఎవరూ వినడం లేదనుకుని, "ఆప్టా కాకపాయె, బతికిపాయె" అన్నాడు. మేనత్త విన్నది. ఎన్నడూ చివరి మాట ఇంకొకరికి వదలని మనిషి, ఆ రోజు మాత్రం దాన్ని ఆయనకే వదిలి చాట ఒళ్లోకి లాక్కుంది.

ఆ షెడ్డుకు ఒక మూల కోసినట్టుండేది. చూసినవాళ్లు మేస్త్రీకి లెక్క రాలేదనుకునేవాళ్లు. ఇప్పుడు ఆ వాడా లేదు, చెట్టూ లేదు. నేను కళ్లు మూసుకుని ఆకు తడిమిన రాళ్ల చేల మీద కాలనీలు లేచాయి. ఆప్టా కనబడక, జనం ఊళ్లోని కాంచనాలనే కొమ్మలతో సహా విరిచి అమ్ముతున్నారు. మా వాడలో ఒకప్పుడు చేసిన తప్పునే ఇప్పుడు ఊరంతా చేస్తోంది, కాకపోతే ఒక్క దసరా ఆగమని అడ్డం నిలబడే నోరు లేదు.

ఇంటికొచ్చి కట్ట విప్పితే ఆకుల నడుమ గీతలున్న మొగ్గలు. చెంబులో నీళ్లు పోసి నిలబెట్టాను. మర్నాడు ఒకటి సగం విచ్చింది. కోడలు వచ్చి చూసి, నిజంగానే ఇది బంగారం చెట్టుది కాదా అత్తమ్మా అంది. కాదు అన్నాను. అంత ముద్దుగా కాదనడం నాకు చాలా ఏళ్లకు కుదిరింది.