ఇంగువ డబ్బాలో రాజుగారు

నా చేతుల్లో ఒక రాజుగారి ముక్కు పోయింది. కత్తితో కాదు, అంట్లు తోమే పీచుతో. అదీ దీపావళి పొద్దున, ఇంటినిండా చుట్టాలుండగా. గార్లలో నా పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు గానీ ‘ఇంగువ కోడలు’ అనండి, చిన్నపిల్లలు కూడా మా ఇంటి తొవ్వ చూపిస్తారు. ఆ బిరుదు ఎలా వచ్చిందో చెబుతాను, ముక్కు మూసుకుని చదవండి.

నేను డోర్నకల్ రైల్వే క్వార్టర్స్ పిల్లను. పెళ్ళయ్యాక గార్లలో కిరాణా కొట్టు నడిపే ఇంటికి వచ్చిపడ్డాను. మా అత్తమ్మ దగ్గర పాత వెండి రూపాయి బిళ్లలు ఉండేవి, ఆమెకు ఆమె అత్త ఇచ్చినవి. ప్రతి బిళ్ల మీదా కోటేరు ముక్కు రాజుగారి తల. ఏటా దీపావళికి వాటిని పాలతో కడిగి లక్ష్మీపూజలో పెడతారు. ఆ పాలు పరమాన్నంలో పోసి చుట్టాలకూ, కొట్టుకొచ్చే గిరాకీలకూ పంచుతారు. అది ఆ ఇంటి రివాజు.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, బీరువా తాళం ఒక కోడలికి అప్పగిద్దామనుకుంది. పోటీలో ఉన్నది ఇద్దరం: మా బావగారి భార్య, అంటే నా యారాలు సరోజక్క ఒకరు, నేను ఒకరు. సరోజక్క నాకంటే చాలా ముందు ఆ ఇంట్లో అడుగు పెట్టింది. అయితేనేం, తాళం నాకే కావాలి. నడుముకు తాళాల గుత్తి గలగలమంటుంటే ఇల్లంతా తిరగాలని నా కోరిక.

అత్తమ్మ బిళ్లల మూట తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

“దీపావళి దాక నీ తాన పెట్టుకో బిడ్డా. నల్లబడొద్దు, గీత పడొద్దు. మంచిగ జూస్తే తాళం నీకు. ఆగం జేస్తే సరోజకు.”

మూట విప్పితే ఏముంది, పాత ధోతి పేలిక. నాకు నవ్వొచ్చింది. ఫోన్లో వీడియోలు చూసిన మనిషిని కదా! గాలి తగలొద్దు, తడి తగలొద్దు, బిళ్లా బిళ్లా రాసుకోవద్దు. నూలు చీర చింపి ఒక్కో బిళ్లకు ఒక్కో సంచి కుట్టాను. ఇక్కడిదాకా నన్ను మెచ్చుకోవచ్చు. మళ్ళీ ఆ అవకాశం రాదు, ఇప్పుడే మెచ్చుకోండి.

ఇక గాలి చొరబడని డబ్బా కావాలి. వంటింట్లో ఒక స్టీలు డబ్బా ఉండేది. మూత తియ్యాలంటే చెంచా పెట్టి లేపాల్సిందే.

“గది ఇంగువ డబ్బ గదనే?” అన్నాడు మా ఆయన.

“గందుకే! ఇంగువ ఉన్నన్ని దినాలు బయటికి జర వాసనొచ్చిందా?”

“రాలే.”

“వాసన బయటికి రానప్పుడు గాలి లోపటికి ఎట్ల పోతది?”

మా ఆయన బీకాం చదివాడు. కాసేపు తల గోక్కుని, “కరెక్టే” అన్నాడు.

డబ్బా కడిగి ఎండబెట్టాను. అంచున అంటుకున్న కొంచెం ఇంగువ గీకినా రాలేదు. ఉంటే ఉండనీ, వెండికేమన్నా ముక్కుందా అనుకున్నాను. ఇంగువ గురించి, గుడ్డ గురించి పెద్దవాళ్ళు అనే మాట మీ నాలుక చివర ఆడుతోందని తెలుసు. దయచేసి మింగేయండి.

గాలి పోతుందని వానాకాలమంతా మూత తియ్యలేదు. దీపావళి పొద్దున చెంచా పెట్టి లేపాను. ముందు వాసన లేచింది. తర్వాత సంచులు విప్పాను. రాజుగారు భూపాలపల్లి బొగ్గుబాయిలో షిఫ్టు దిగి వచ్చినట్టున్నాడు.

“నాకు అప్పుడే డౌటొచ్చింది,” అన్నాడు మా ఆయన.

“మరి కరెక్టే అంటివి?”

“నీతోని పంచాయితీ ఎందుకని అన్న.”

అవతల నుంచి అత్తమ్మ పిలుస్తోంది: “బిళ్లలు తే బిడ్డా, పాలు పెట్టిన!”

“వస్తున్న అత్తమ్మా, తుడుస్తున్న!”

చింతపండు రుద్దాను, టూత్‌పేస్ట్ రుద్దాను. రాజుగారు ఇంకా నల్లగా చూశాడు. తాళాల గలగల సరోజక్క నడుము వైపు నడిచి వెళ్తున్నట్టు వినిపించింది. ఆ గాబరాలో చేతికి స్టీలు పీచు తగిలింది. ఒక బిళ్లను బరబరా తోమాను. నలుపు పోయింది. ఏండ్ల తరబడి అరిగిన ఆ కోటేరు ముక్కు కూడా దాంతోపాటే పోయింది.

ఇంకేం చేస్తాను? అత్తమ్మ కళ్ళద్దాలు పెట్టుకోకముందే బిళ్లలన్నీ పాలగిన్నెలో వేసి, కడిగి, పళ్ళెంలో పెట్టి, పైన బంతిపూలు కుప్ప పోశాను. పాలు పరమాన్నంలోకి పోయాయి. పూజ అయింది. మొదటి ముద్ద బావగారిది.

“పరమాన్నంల పోపు ఎవరు పెట్టిన్రు?”

చుట్టాలంతా గిన్నెలు వాసన చూడటం మొదలుపెట్టారు. సరోజక్క ముక్కు ఎగబీలుస్తూ నేరుగా పూజ పళ్ళెం దాకా వెళ్ళింది. అత్తమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని బంతిపూలు పక్కకు జరిపింది. గీతలు పడ్డ బిళ్లను చేతిలోకి తీసుకుంది.

“మా అత్త ఇచ్చిన బిళ్ల గిది. ముక్కేది బిడ్డా?”

“పీచుకు పోయింది అత్తమ్మా.”

తాళం సంగతి అప్పుడు గుర్తుకే రాలేదు. ఆమె అంత భద్రంగా దాచుకున్నదాన్ని పాడుచేశానని నిజంగానే ఏడుపొచ్చింది. అత్తమ్మ నా మొహం చూసింది, బిళ్లను వాసన చూసి చటుక్కున దూరం జరిపింది.

“ఏడ్వకు తియ్. వానాకాలమంత గా డబ్బల పడున్నోనికి ముక్కు పోవుడే సుఖం.”

ఆ నవ్వులు గార్ల స్టేషన్ దాకా వినిపించి ఉంటాయి. ఇంగువలోని గంధకానికి వెండి నల్లబడుతుందని చెప్పి కంసాలి బిళ్లలను తెల్లగా చేసి ఇచ్చాడు, ముక్కు మాత్రం తేలేకపోయాడు. తాళం సరోజక్క నడుముకు చేరింది. ఇంగువ డబ్బా నాకు శాశ్వతంగా దక్కింది.

ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో వెండిని వంటింటి గడప తొక్కనివ్వను. ఏ రాజు మొహానికీ పీచు తగలనివ్వను. ముఖ్యంగా, మా ఆయన ‘కరెక్టే’ అంటే నమ్మను.

ఇది రాసి ఆయనకు చదివి వినిపించాను. కాసేపు తల గోక్కుని, “కరెక్టే” అన్నాడు.