మేక ఎటు పోయింది

చొప్పదండి దగ్గర ఒక సర్కారు బడిలో నాలుగో తరగతికి తెలుగు చెప్తాను. పిల్లల నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అక్షరాల తప్పులకు కాదు, అవి దిద్దితే పోతాయి. పేజీ నిండా ఒకే తీరు వాక్యాలు కనిపిస్తే మాత్రం ఓపిక పట్టలేను.

ఈ మధ్య ఇంట్లో జరిగిన ఏదైనా సంగతిని కథగా రాయమన్నాను. ఒక పిల్ల ఇలా రాసుకొచ్చింది: ‘మా కోడి ఎర్రగ ఉంటది. మా కోడి గింజలు తింటది. మా కోడి గంప కింద పంటది. మా కోడి ఉరికింది.’ గోడకు పిడకలు కొట్టినట్టు వరసగా పన్నెండు వాక్యాలు, అన్నిటి ముందూ అదే కోడి.

“ఇది కథనా, హాజరు పట్టీనా?” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

నాకు తెలిసిన మందు ఒకటే, వాక్యాలను కలపడం. బోర్డు మీద కలిపి చూపించాను. మరునాడు ఆ పిల్ల సగం పేజీ పట్టే ఒకే వాక్యం రాసుకొచ్చింది. కోడి గంప కింది నుంచి తప్పించుకొని, దడి దూకి, పక్కింటి వడ్లలో పడి, తిట్లు తిని, ఎక్కడో పేజీ చివర ఊపిరి తీసుకుంది. సంతోషం పట్టలేక దాన్ని క్లాసులో పైకి చదివాను. కింద ఎర్ర సిరాతో నక్షత్రం కూడా వేశాను.

తర్వాతి వారం మళ్లీ పాత పాటే. ‘మా మేక నల్లగ ఉంటది. మా మేక తప్పిపోయింది. మా మేకను దేవులాడినం.’ నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లను బల్ల దగ్గరికి పిలిచాను.

“పోయిన వారం అంత మంచిగ రాస్తివి. మళ్ల ఏమైంది? చెప్పింది చెవిన పెట్టవా?”

తల వంచుకుని నోట్‌బుక్కు మూల మడిచింది. తర్వాత మెల్లగా అన్నది, “పొడుగు రాస్తే మా బాపు సదవలేడు మేడం.”

వాళ్ల బాపు మస్కట్‌లో కూలి పని చేస్తూ, తోటి కూలీలతో ఒకే గదిలో ఉంటాడు. చిన్నప్పుడు రెండో తరగతిలోనే బడి మానేశాడు. అక్కడికి పోయాక, బిడ్డ రాసింది తనే చదవాలని పట్టుబట్టి మళ్లీ అక్షరాలు దిద్దుకుంటున్నాడు. ప్రతి గురువారం వాళ్ల అమ్మ, ఆ పిల్ల మాటలో అవ్వ, ఈ నోట్‌బుక్కు పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పంపుతుంది. శుక్రవారం సెలవు కాబట్టి ఆయన కూడబలుక్కుని చదివి, ‘సదివిన’ అని మెసేజ్ పెడతాడు.

“గా కోడి కథ ఆయనకు సదువ రాలే మేడం. పక్క బెడ్డాయనతోని సదివించుకున్నడట. సదివిన అని పెట్టలే.”

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లుగా పొడుగు వాక్యమే మంచి వాక్యమని ఎంతమందికి నూరిపోశానో. ఆ తండ్రి చేతిలో ఉన్న ఒక్క శుక్రవారాన్ని నా నక్షత్రం పాడు చేసింది.

“మేక సంగతి మీ బాపుకు ఎర్కేనా?” అడిగాను.

“చెప్పలే మేడం. గీ కథలోనే సదివి తెలుసుకుంటడని ఆపినం.”

ఆ రోజు తిండి బెల్లు కొట్టాక ఇద్దరం కూర్చున్నాం. వాక్యాలు చిన్నగానే ఉంచుదామన్నాను. ప్రతిసారీ మేకనే ముందు నిలబెట్టకుండా, ఒకసారి పొద్దును, ఒకసారి అవ్వ మాటను, ఒకసారి తాడును ముందుకు తెద్దామన్నాను. ఆ పిల్ల పెన్సిల్ కొరుక్కుంటూ రాసింది: ‘పొద్దుగూకింది. కొట్టంల తాడే ఉంది. మేక లేదు. ఎటు పోయింది?’

రాసి ఆగింది. “గిది ఎవలిని అడుగుతున్న మేడం?”

“చదివేటోళ్లను.”

“మా బాపునా?” అని ఆ ప్రశ్నను ఇంకోసారి చూసుకుంది. తర్వాత రాసిందంతా తన సొంతమే. నేను పెన్ను తియ్యలేదు.

సోమవారం పొద్దున వాళ్ల అవ్వ బీడీలు చుట్టే చాట ఇంట్లో పెట్టి బడికి వచ్చింది. ఆయన ఈసారి మెసేజ్‌కు బదులు గొంతు రికార్డు చేసి పంపాడట. వరండాలో ముగ్గురం ఫోన్ చుట్టూ నిలబడ్డాం. ఆయన ఒక్కో అక్షరం పట్టుకుని చదువుతున్నాడు. ‘కొట్టం’ అన్న మాట దగ్గర రెండుసార్లు తప్పి, మళ్లీ మొదలుపెట్టాడు. “మేక... లేదు. ఎటు... పోయింది?”

అక్కడ ఆగిపోయాడు.

“నాకేమెర్క బిడ్డా,” అన్నాడు. “నేనీడ ఉంటి. జర ఆగు, సదువుత.”

వాళ్ల అవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఆయన తర్వాతి వాక్యం అందుకున్నాడు. చదువుతూనే బావి కాడికి పోయాడు, జొన్న చేనులో దేవులాడాడు, మేకను దొరికించుకునే వరకూ వదలలేదు. చివర “సదివిన” అన్నాడు.

ఆ పిల్ల ఫోన్‌ను చెవికి ఆనించుకుని మళ్లీ మొదటి నుంచి చివరిదాకా విన్నది. ఏం వెతుకుతోందో నాకు అర్థం కాలేదు. అంతా అయ్యాక నా వైపు చూసింది.

“పక్క బెడ్డాయన గొంతు ఏడా లేదు మేడం.”