వాషింగ్ మిషన్ గదిలో వాన

ఇది ఎవరి దగ్గరో విని చెబుతున్నది కాదు. నాకే జరిగింది. అమెరికాలో, అరిజోనా ఎడారిలో ఉన్న చాండ్లర్‌లో, మా ఇంట్లో, ఎనభైల్లో. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మిగతాది చెప్పను.

పక్కింటి వాల్టర్ ఒంటరి మనిషి. ఆయన పెంపుడు పాము పేరు రూబీ. వానలు పడే అడవుల జాతి, విషం లేదు. మోకాలి ఆపరేషన్‌కి వెళుతూ, దాన్ని గాజు పెట్టెతో సహా మా వాషింగ్ మిషన్ గదిలో పెట్టాడు. కుబుసం విడిచే సమయమట. పోయినసారి కళ్ళ మీది పొర ఊడలేదట. ఈసారీ ఊడకపోతే చూపు పోతుందని, జాగ్రత్తగా చూడమని బతిమాలాడు. చూస్తానని మాటిచ్చాను.

మా ఊరి గాలి ఎంత పొడి అంటే, తడి టవల్ అరగంటలో అప్పడమైపోతుంది. రూబీకేమో తేమ కావాలి. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినదాన్ని, ఊరుకుంటానా? పాత కార్ల యార్డ్‌లో, ముందు అద్దం మీద నీళ్ళు చిమ్మే పంపు ఒకటి కొన్నాను. నీళ్ళకి ప్లాస్టిక్ డబ్బా, సన్నటి ట్యూబు, పెట్టె మూతకి రెండు ఇత్తడి నాజిళ్ళు. కరెంటు తగ్గించే అడాప్టర్, గోడ ప్లగ్‌కి టైమర్. పది సెకన్లకు ఆపేసే చిన్న సర్క్యూట్ నేనే సోల్డర్ చేశాను. రెండు గంటలకోసారి... గుర్‌ర్... స్‌స్‌స్... సన్నటి తుంపర. ఎంత గర్వపడ్డానో!

ఇండియా నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అత్తగారికి మాత్రం ఆ గదంటే హడల్. తన చీరలు బాత్‌టబ్‌లోనే ఉతుక్కునేవారు.

అలాంటి మనిషి నాగుల చవితి నాడు ఏం చేశారో తెలుసా? చాండ్లర్‌లో పుట్ట ఎక్కడ దొరుకుతుంది? ఉపవాసం ఉండి, వణుక్కుంటూ ఆ గదిలోకి వెళ్ళి, నా నీళ్ళ డబ్బాలో చెంబెడు పాలు పోసేశారు.

సాయంత్రానికి నాజిళ్ళు మూసుకుపోయాయి. పంపు మాడిన వాసన.

"పాములు పాలు తాగవు అత్తయ్యా! పంపు కాలిపోయింది. దాని కళ్ళు పోతే మీరు తెచ్చిస్తారా?" అని అరిచేశాను.

"గుడ్డిదైపోతుందంటివి కదమ్మా... పాపమనిపించి మొక్కుకున్నా" అన్నారు. ఏమీ తినకుండానే వెళ్ళి పడుకున్నారు.

ఆ రాత్రి మా ఆయనకి కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్. తెల్లారితే గానీ షాపులు తెరవరు. రూబీ మూతి దగ్గర పొర అప్పుడే విడుతోంది. ప్లగ్ పీకేశాను. డబ్బా కడిగి సింకులో బోర్లించాను. ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసా తీసుకుని, గంటకోసారి లేచి చల్లుదామని సోఫాలో కూర్చున్నాను... నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి చిమ్మచీకటి. సీసా నా ఒళ్ళోనే ఉంది.

గుర్‌ర్...

కలనుకున్నాను.

స్‌స్‌స్‌స్...

పాము బుస కాదు. నా చేత్తో చేసిన మిషన్ చప్పుడు నాకు తెలియదా? లెక్కపెట్టాను. పది... ఇరవై... నలభై. ఆగలేదు. చీకట్లో గోడ పట్టుకుని వెళ్ళి, తలుపు తోసి, లైట్ వేశాను.

చప్పుడు ఆగింది.

ప్లగ్ నేల మీద పడి ఉంది. డబ్బా సింకులో బోర్లా ఉంది. గాజు పెట్టె లోపల మాత్రం... ధారలు. చుక్క వెనక చుక్క జారుతోంది. మూత తీసి తడి గాజుని వేలితో తాకాను. చల్లగా ఉంది. ట్యూబులో మిగిలిన నీళ్ళేమో? అవి రెండు చెంచాలు కూడా ఉండవు. అయినా తోయడానికి పంపేదీ?

రూబీ రాయికి మూతి రాస్తూ... మెల్లగా... చాలా మెల్లగా... పాత చర్మంలోంచి బయటికి వస్తోంది. భయం ఎప్పుడు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది.

తెల్లారాక కుబుసం ఎత్తి కిటికీ వెలుగులో చూశాను. ఒకే ముక్క. కళ్ళ దగ్గర రెండు గుండ్రటి పొరలు, చెక్కుచెదరకుండా ఉన్నాయి. పంపు విప్పితే లోపల తీగంతా నల్లగా మాడిపోయి ఉంది.

అత్తయ్యే ఏదో చేసి ఉంటారు, అడుగుదామని వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడే ముందు మాట్లాడారు.

"రాత్రి ఆ చప్పుడు విన్నానమ్మా. కోప్పడ్డావు గానీ, లేచి బాగు చేశావు. నా మూలంగా దాని కళ్ళు పోతాయేమోనని కంటి మీద కునుకు లేదు. నీ మిషన్ మోగాకే నిద్రపోయాను."

నేను కాదని చెప్పబోయాను. ఆవిడ ముఖం తేలికపడి ఉండటం చూసి, "అవునత్తయ్యా" అన్నాను. కాఫీ గ్లాసు నా చేతికిచ్చారు.

వాల్టర్ తిరిగొచ్చి నా మిషన్‌ని మెచ్చుకుంటుంటే తల వంచుకున్నాను.

అత్తయ్య ఇప్పుడు లేరు. బాగు చేసింది నేనేనని నమ్మే వెళ్ళిపోయారు. అది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. అడుగుదామంటే... ఆ చప్పుడు విన్న ఇంకో మనిషి లేరు.