కిటికీ లేని గది గురించి రాశాను

ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా కంపెనీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. మొదట ఊడ్చాను, తర్వాత నటీనటుల బట్టలు ఇస్త్రీ చేశాను, చివరికి కింది పనివాళ్లందరికీ పెద్దదాన్నయ్యాను. నలభై ఎనిమిదో ఏట మోతీనగర్‌లో సాయంత్రం బడికి పోయి అక్షరాలు దిద్దాను. ఆ సంగతి తెలిసి మేనేజరు నాకొక పని అప్పగించాడు.

"ఎవరైనా మానేస్తే కూర్చోబెట్టి, ఎందుకు మానేస్తున్నారో అడిగి ఈ కాగితం మీద రాయండమ్మా. మీ దగ్గరైతే దాచుకోకుండా చెప్తారు."

గర్వపడ్డాను, ఎందుకు దాచాలి? అంతవరకూ నా వేలిముద్ర పడిన కాగితాల్లో ఏముందో నాకే తెలియదు. ఇక మీదట నేను రాసింది ఇంకొకరు చదువుతారు.

తీరా రాయడానికేమీ దొరికేది కాదు. డ్రైవరు వచ్చినా, వంటమనిషి వచ్చినా ఒకటే మాట: "ఇంట్లో బాగాలేదు." ఈ లైనులో కొత్త కంపెనీవాళ్లు మనిషిని చేర్చుకునే ముందు పాత కంపెనీకి ఫోన్ చేసి అడుగుతారు. అందుకే మానేసేటప్పుడు ఎవరూ నోరు విప్పరు. అది నాకు తెలియనిది కాదు.

ఒకరోజు ఇస్త్రీ చేసే ఆమె వచ్చింది. నేను వదిలిన బల్ల దగ్గరే తొమ్మిదేళ్లు నిలబడిన మనిషి. ఒక సీరియల్ వాళ్లు ఆమెను సోమవారం నుంచి రమ్మన్నారు.

"ఇంట్ల మంచిగ లేదని రాయక్కా, అయిపోతది."

"నిజం చెప్పరాదు? రాసేది నేనే గద."

"గా గదిల నిలబడ్డదానివే గదా, నీకెర్క లేదా?" అని నవ్వింది.

"నాకెర్కనే. కాగితానికి ఎర్క కావాలె."

ఆ మాట నేనే అన్నాను. అప్పుడు ఆమె చెప్పింది. గదికి కిటికీ లేదు. ఆవిరికి దగ్గు పట్టుకుంది. గాలి బయటికి తోసే ఫ్యాను పెట్టమని మూడుసార్లు అడిగితే, హీరో వ్యానుకు కొత్త ఏసీ వచ్చింది.

"నేనైతే పోతున్న. నా ఎన్క వచ్చేదానికన్న పెట్టుమను. గిది రాయి."

ఒక్క ముక్క వదలకుండా రాశాను. గంట పట్టింది. కింద ఆమె వేలిముద్ర వేసింది.

మేనేజరు చదివి, "భలే రాశారమ్మా" అని సొరుగులో పెట్టాడు.

శనివారం సీరియల్ వాళ్లు ఫోన్ చేశారు. నేను మేనేజరు గదిలోనే ఉన్నాను. ఆయన సొరుగు లాగి కాగితం చూస్తూ మాట్లాడాడు. "పని మంచిదేనండీ. కాకపోతే దగ్గు. కిటికీ కావాలి, ఫ్యాను కావాలి అంటుంది. మీ ఇష్టం."

ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఫోన్ లాక్కుని "మంచి మనిషి, తీసుకోండి" అని నేను అనొచ్చు. అనలేదు. నా ఉద్యోగం నాకు ముద్దు.

మంగళవారం ఆమె గేటు పక్కన, వ్యానుల నీడలో నిలబడి ఉంది.

"వద్దన్నరక్కా. ఏం రాసినవు?"

కాగితం నా దగ్గర లేదు కానీ నాకు కంఠతా వచ్చు. మొత్తం చెప్పాను. తల వంచుకుని విన్నది.

"గంతే గదా. నేనన్నదే గదా. తప్పేం రాసినవు?"

తిట్టి ఉంటే బాగుండేది.

"మల్ల గీన్నే చేస్త. అడుగు జర."

లోపలికి పోయాను. ఇస్త్రీ బల్ల దగ్గర అప్పటికే వేరే మనిషి నిలబడి ఉంది. ఫ్యాను రాలేదు. ఇక మేనేజరు దాకా పోలేదు. బయటికొచ్చి, లేదని చెయ్యి ఊపాను. ఆమె బస్సు కోసం చెక్‌పోస్టు వైపు నడిచిపోయింది. మళ్లీ కనబడలేదు.

ఆ తర్వాత ఎవరు మానేసినా, వాళ్లు నోరు తెరవకముందే నేనే రాసిపెట్టేదాన్ని, ఇంట్లో బాగాలేదని. ఒకసారి బడి పంతులమ్మ దారిలో ఎదురుపడి, చేతిరాత కుదిరిందా అని అడిగింది.

ఆ రెండు మాటలైతే కళ్లు మూసుకుని రాస్తానన్నాను.