లేపి వేయాల్సిన తలుపు

నేను పోస్టుకు చేరింది ఉదయం పదకొండు ఇరవైకి. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. ఎండ కళ్లలో పొడుస్తోంది. నీడలో మాత్రం బకెట్లో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. నా వెంట ఒక ట్రంకు, ఒక పరుపుచుట్ట, ఒక పనిముట్ల పెట్టె. నాకు అప్పగించినవి మూడు లారీలు, ఒక పాత పికప్. సైనికుడంటే మీకు తుపాకీ గుర్తొస్తుంది. నేను పద్దెనిమిదేళ్లు పట్టుకున్నవి ఎక్కువగా పానాలే.

పికప్ డ్రైవర్ ఆ రోజే పరిచయమయ్యాడు. నేను జాకీని తెలుగులో తిడుతుంటే విని దగ్గరికొచ్చాడు. ఏ ఊరని అడిగాడు. నాంపల్లి అన్నాను. అతనిది అబిడ్స్. మా ఇళ్ల మధ్య నడిస్తే పావుగంట. ఇక్కడ పాతికేళ్లు ఎదురుపడని మనిషి అక్కడ ఆ కొండల్లో దొరికాడు. ఆ రోజు ఇద్దరం ఒకే మగ్గులో చాయ్ తాగాం. పేరు యాదగిరి. నన్ను ఉస్తాద్ అనేవాడు. ఫౌజులో మెకానిక్‌ను అందరూ అలాగే పిలుస్తారు. రైలు కూతలకు లేచే నాంపల్లోళ్లకు పొద్దున లేపే బిగిల్ ఎందుకని రోజూ ఏడిపించేవాడు.

పికప్‌కు డ్రైవర్ వైపు తలుపు జారిపోయింది. పై మడత బందులో పిన్ను, దాని చుట్టూ ఉండే బుష్ అరిగిపోవడంతో తలుపు వెనక అంచు కిందికి వాలి గడపకు రాసుకునేది. యాదగిరికి అది లెక్కలో లేదు. బయట నిలబడి ఎడమచేత్తో పిడిని పైకి లేపి, తుంటితో ఒక్క తోపు తోసేవాడు. తీసేటప్పుడూ అంతే. లోపల కూర్చుంటే మాత్రం తలుపును లేపడం కుదరదు. అందుకని గ్లాసు దించి, చెయ్యి బయటికి చాచి, బయటి పిడి పట్టుకుని లేపేవాడు. ఆ గ్లాసు కూడా సగం దాకే దిగేది.

"మా నాయిన బండి గూడ గింతే ఉస్తాద్. లేపి వెయ్యాలె, లేపి తియ్యాలె. గదే అలవాటు," అన్నాడు.

ఐదోవారం ఒకరోజు సాయంత్రం నాలుగింటికి ఆర్డరొచ్చింది. మర్నాడు పదింటికి బండ్ల తనిఖీ. వచ్చే అధికారికి ఒక పద్ధతి ఉండేది. ప్రతి తలుపునూ ఒక్క వేలితో వేసి చూసేవాడు. పడకపోతే ఆ మెకానిక్ పని అయిపోయినట్టే. స్టోర్లో పిన్నులు లేవు.

జారిన తలుపుకు మాకు ట్రైనింగులో నేర్పిన సూత్రం ఒకటే. ముందు బందులు, చివర కొక్కెం. కొక్కెం అంటే తలుపు తాళం వచ్చి పట్టుకునేది, చట్రానికి రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. తలుపును దాని చోటికి లేపి, ఆ తర్వాతే కొక్కెం సరిచూడాలి. నేను తిరగేసి చేశాను. స్క్రూలు వదులు చేసి, జారిన తలుపుకు అందేలా కొక్కెన్నే కిందికి దించాను. పావుగంట పని. తలుపు మాత్రం ఇక గడపను ఆనుకునే మూసుకుంటుంది. మర్నాడు అధికారి వేలు ఆనించగానే తలుపు మెత్తగా పడింది. సుబేదార్ సాబ్ నా భుజం తట్టాడు. పైన పటారం, లోన లొటారం. అది నాకొక్కడికే తెలుసు.

మూడోరోజు కాన్వాయ్‌లో పిన్నులు వచ్చాయి. రెండు, నూనె కాగితంలో చుట్టి. పెట్టెలో పెట్టుకున్నాను. రెండు గంటల పని అది. ఆ రోజు జనరేటర్ ఆగిపోయింది. తలుపు సంగతి ఎత్తితే యాదగిరే వద్దన్నాడు. మంచిగనే పడుతోంది గద, ముందుగాల జనరేటర్ చూడుమన్నాడు. తర్వాత ఒక లారీ రేడియేటర్ పగిలింది. ఆ తర్వాత మంచు. పదకొండు రోజులు పిన్నులు పెట్టెలోనే ఉన్నాయి. ఆలస్యం అమృతం విషం అంటారు.

పన్నెండోరోజు పై పోస్టుకు కిరోసిన్ డబ్బాలు. దారిలో ఒక నాలా, అంటే కొండవాగు, దాటాలి. మధ్యాహ్నమైతే మంచు కరిగి నాలాలో నీళ్లు పెరుగుతాయి, కాబట్టి పన్నెండులోపు దాటాలన్నది రూలు. లోడింగు ఆలస్యమై యాదగిరి బండి కదిలింది పన్నెండు నలభైకి. పక్కన రేడియో ఆపరేటర్.

రెండూ పదికి వైర్‌లెస్ సెట్లో ఆపరేటర్ గొంతు వినిపించింది. బండి నాలాలో, డ్రైవర్ లోపల, తలుపు రావట్లేదు. ఆ మూడు ముక్కలే మళ్లీ మళ్లీ చెప్పాడు.

మేము చేరేసరికి రెండూ యాభై ఐదు. ముందు చక్రం రాతి మీంచి జారగానే ఆపరేటర్ సెట్టుతో సహా ఎడమవైపు దూకి బయటపడ్డాడట. బండి ఇంకా రెండు గజాలు జారి, ఆ ఎడమ తలుపే బండరాయికి ఆనుకుపోయింది. ఇక మిగిలింది యాదగిరి వైపు తలుపు. బండి మెలితిరగడంతో అది గడపలో బిగుసుకుంది. ఆపరేటర్ బయట్నుంచి లాగి లాగి గోళ్లు ఊడగొట్టుకున్నాడు. నీళ్లు గ్లాసు దాకా వచ్చాయి.

నేను గునపం పెట్టి ఆ తలుపును పైకి లేపాను. వెంటనే వచ్చేసింది. అప్పటికి చాలా ఆలస్యమైంది.

విచారణలో నీటి మట్టం రాసుకున్నారు, బయల్దేరిన టైము రాసుకున్నారు. తలుపు ఎలా ఉండేదని సుబేదార్ సాబ్ అడిగాడు. బాగానే ఉండేది సాబ్ అన్నాను. ఆ అబద్ధంతోనే ఆ పోస్టులో నా టూరు పూర్తి చేశాను. తర్వాత సర్వీసు కూడా.

నాంపల్లి స్టేషన్లో దిగింది ఉదయం ఆరూ పదికి. పావుగంట దూరంలో ఉన్న యాదగిరి ఇంటికి వెళ్లడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. దారిలో గన్‌ఫౌండ్రీ దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చాను.

చివరికి ఒక ఆదివారం వెళ్లాను. అబిడ్స్‌లో షాపులు మూసి ఉన్నాయి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచారు. వెనక గల్లీలో యాదగిరి వాళ్ల కాగితాల దుకాణం. దాని ముందు వాళ్ల సొంత పికప్, పొద్దున్నే లోడు దించినట్టుంది. వాళ్ల నాయన పిడిని ఎడమచేత్తో పైకి లేపి, తుంటితో తోసి తలుపు వేస్తున్నాడు. దగ్గరికి వెళ్లాను.

పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

"నాంపల్లి ఉస్తాద్‌వు నువ్వేనా బిడ్డా. సెలవుకొచ్చినప్పుడు నీతోని మన బండి తలుపు చేపిస్త అన్నడు వాడు."

నేనింక కూర్చోలేదు. ఇంటికెళ్లి పనిముట్లు, నా దగ్గరున్న బుష్‌లు, పిన్నులు తెచ్చుకుని మొదలుపెట్టాను. తలుపు కింద చెక్క, దాని కింద జాకీ. పాత పిన్నులు కొట్టి తీశాను. కొత్త బుష్‌లు, కొత్త పిన్నులు. తలుపును దాని చోటికి లేపి బందులు బిగించాను. అన్నీ అయ్యాక కొక్కెం. రెండు గంటలే పట్టింది.

అప్పుడు జేబులోంచి నూనె కాగితం పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టాను. ఇవేందని అడిగాడు. వాడి బండికి వెయ్యాల్సినవి కాకా అన్నాను. కొక్కెం సంగతి, పదకొండు రోజుల సంగతి, విచారణలో నా అబద్ధం, అన్నీ చెప్పాను. నిలబడే చెప్పాను. ఏడ్చాను కూడా.

ఆయన పొట్లం విప్పలేదు. తలుపు పిడి మీద చెయ్యేశాడు.

"లేపి వెయ్యుమని వానికి నేర్పింది నేనే," అన్నాడు. "బాగు చేపియ్యాల్నని నాకైతే ఎన్నడు తోచలె."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. పొట్లం జేబులో వేసుకుని బండెక్కి కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు.

సగం దించిన గ్లాసులోంచి బయటికొచ్చి, బయటి పిడిని పట్టుకుని పైకి లేపుతూ అలాగే గడ్డకట్టిపోయిన యాదగిరి చెయ్యి. నాలాలో నేను మొదట చూసింది అదే. నిద్రలోనూ నన్ను వదలదు.

ఆ రోజు అబిడ్స్ గల్లీలో వాళ్ల నాయన లోపల కూర్చుని, ఒక్క వేలితో లోపలి పిడి నొక్కాడు. తలుపు తెరుచుకుంది. వేశాడు. మళ్లీ నొక్కాడు. నేను పనిముట్లు సర్దడం అయిపోయినా ఆయన ఆపలేదు. ప్రతిసారీ తెరుచుకుంది.